లిటిల్ స్టింటా, టెమ్మింక్స్ స్టింటా? కాళ్ల రంగు చివర చూడండి

బురద మీద ఊరపిచ్చుక కన్నా చిన్న పిట్ట, సన్నని ముక్కుతో నేలని పొడుచుకుంటూ కనిపిస్తే అది స్టింట్ అని చెప్పడానికి పెద్ద అనుభవం అక్కర్లేదు. చిక్కు ఆ తర్వాతే. ఒడిశాలోని గంజాం జిల్లాలో బరంపురం, ఛత్రపురం, రంభ చుట్టుపక్కల చలికాలంలో తిరిగేవాళ్ల కంటపడే స్టింట్లు దాదాపు ఎప్పుడూ రెండు రకాలే: లిటిల్ స్టింట్, టెమ్మింక్స్ స్టింట్. తెలుగులో ఈ తరహా నీటి ఒడ్డు పిట్టల్ని కలిపి ఉల్లంకి అనేస్తాం. ఈ రెంటినీ విడదీసి మాట్లాడుకోవాలంటే ఇంగ్లిష్ పేర్లే గతి. పొడవు 12 నుంచి 15 సెంటీమీటర్లు, బరువు పాతిక గ్రాములకి అటూఇటూ. శాస్త్రలోకానికి ఈ రెంటినీ వర్ణించి చెప్పింది కూడా ఒక్కడే, జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త లైస్లర్, అదీ 1812లోనే. రెండోదానికి డచ్చి జంతుశాస్త్రవేత్త టెమ్మింక్ పేరు తగిలించాడు.

ఏ పుస్తకం తెరిచినా ముందుగా కనిపించే తేడా ఒకటే: లిటిల్‌కి నల్ల కాళ్లు, టెమ్మింక్స్‌కి పసుపు కలిసిన ఆకుపచ్చ కాళ్లు. మాట నిజమే. కానీ బురదలో తిరిగే పిట్టని కాళ్ల రంగుతో గుర్తుపట్టబోవడం, ఊడ్పుల రోజున పొలంలో ఉన్న మనిషిని చెప్పుల రంగుతో గుర్తుపట్టబోవడం లాంటిది. తడి రొంపి అంటుకుంటే టెమ్మింక్స్ కాళ్లు బొగ్గులా కనిపిస్తాయి. ఉప్పు మడుల్లో తిరిగిన లిటిల్ కాళ్లకి ఆ బురదే ఆరిపోయి తెల్లబూడిద రంగు పట్టుకుంటుంది, దూరం నుంచి చూసినవాళ్లు దాన్ని పసుపు అని రాసుకుంటారు. ఎండ పిట్ట వెనకనుంచి వస్తుంటే ఏ కాళ్లయినా నలుపే. కొత్తవాళ్ల లెక్కల్లో జరిగే పొరపాట్లలో పెద్ద వాటా ఈ కాళ్లదే. అందుకని వరస మార్చండి: ముందు నడక, తర్వాత వీపు, రొమ్ము, ఆ పైన తోక, కూత. కాళ్లు చివర్న, అప్పటికే తేలిపోయినదాన్ని సరిచూసుకోవడానికి.

నడకలోనే సగం తేలుతుంది

లిటిల్ స్టింట్‌కి నిలకడ లేదు. వాన మబ్బు కమ్ముకొస్తుంటే కళ్లంలో ఆరబోసిన ధాన్యం ఎత్తుకునేవాళ్ల కంగారు దానిది. నాలుగడుగులు పరుగు, టకటకా అయిదారు పోట్లు, మళ్లీ పరుగు. కాళ్లు కాస్త నిటారుగా పెట్టి, ఒళ్లు ముందుకు వంచి, నీటి అంచు పొడవునా ఆరుబయటే తిరుగుతుంది. చుట్టూ దాని జాతివే పదో పాతికో ఉంటాయి. నదీ మొగల్లోనూ (నది సముద్రంలో కలిసే చోట్ల) చిలికా సరస్సు బురద మేటల్లోనూ వందల్లో గుమిగూడతాయి. కర్‌ల్యూ శాండ్‌పైపర్లు, కెంటిష్ ప్లోవర్లు కలిసి మేసే గుంపులో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా హడావిడిది ఏదంటే అదే.

టెమ్మింక్స్ తీరు వేరు. కలుపు తీసేవాళ్లలా నడుం వంచేసి, మోకాళ్లు మడిచి, ఒక్కో గడ్డి గుబురు చూసుకుంటూ మెల్లగా జరుగుతుంది. పొట్ట నేలకి ఆనుతోందా అనిపిస్తుంది. ఒక్కటే ఉంటుంది, లేదా రెండు మూడు, మహా అయితే పది పన్నెండు, అవి కూడా ఒకదానికొకటి ఎడం ఎడంగా. ఆరుబయటి బురద దానికి అంతగా నచ్చదు. గట్టు వార, తుంగ మొదట్లో, పశువులు తొక్కిన గిట్టల గుంటల మధ్య వెతకాలి. ఒకసారి కంటపడ్డాక కూడా అడుగు పక్కకేస్తే మాయమవుతుంది. అది ఎక్కడికీ పోలేదు, మట్టిలో కలిసిపోయిందంతే.

ఈ తేడాకి మూలం వాటి పుట్టిళ్లలో కనిపిస్తుంది. రెండూ స్కాండినేవియా నుంచి సైబీరియా దాకా ఉత్తరాన గుడ్లు పెట్టేవే. లిటిల్ మరీ పైన, చెట్టూ చేమా లేని టండ్రాలో. టెమ్మింక్స్ గడ్డి, పొట్టి విల్లో పొదలు ఉన్న జాగాల్లో, నదుల ఒడ్డున. వలసలో కూడా టెమ్మింక్స్ సముద్రతీరాన్నే పట్టుకుని రాదు, నేల మీదుగా విశాలంగా పరుచుకుని మంచినీటి మడుగుల్లో దిగుతూ వస్తుంది. అందుకే తీరానికి దూరంగా కొరాపుట్ వైపు జలాశయాల అంచుల్లో కూడా దాని కోసం వెతకొచ్చు.

అయితే నడక ఒక్కదానితో తీర్పు చెప్పేయకండి. డేగ నీడ పడినప్పుడు లిటిల్ కూడా నేలకి అతుక్కుపోతుంది. బెదిరిన టెమ్మింక్స్ మెడ సాచి నిటారుగా నిలబడి, కాసేపు వేరే పిట్టలా కనిపిస్తుంది. అది మళ్లీ మేతలో పడేదాకా, రెండు మూడు నిమిషాలు, కదలకుండా చూడాలి.

వీపు, రొమ్ము

చలికాలపు లిటిల్ వీపు బూడిద రంగే, కానీ ఒక్క తీరుగా ఉండదు. ఈకల నడిమి భాగం ముదురు, అంచులు లేత. అందువల్ల వీపంతా చెదురుమదురు గీతలు కనిపిస్తాయి. కిందివైపు తెలుపు. రొమ్ముకి రెండు పక్కలా బూడిద మరక ఉంటుంది, నడుమ మాత్రం తెలుపు గొంతు దాకా పాకుతుంది. ఎదురుగా నిలబడ్డప్పుడు ఈ తెల్ల దారి బాగా పట్టిస్తుంది. కంటి మీద తెల్ల గీత కూడా స్పష్టమే.

టెమ్మింక్స్ వీపు ఉతికి ఉతికి వెలిసిన గావంచాలా మొత్తం ఒకే మట్టి బూడిద. గీత లేదు, మచ్చ లేదు. తల, మెడ, రొమ్ము అన్నీ అదే రంగు. రొమ్ము అడుగున ఆ రంగు ఒక్కసారిగా ఆగి తెల్ల పొట్ట మొదలవుతుంది. మొహం మీద చెప్పుకోదగ్గ గుర్తులుండవు. సన్నని కంటి వలయం, గొంతు దగ్గర కాస్త తెలుపు. చెరువు గట్ల మీద తోక ఊపుకుంటూ తిరిగే కామన్ శాండ్‌పైపర్‌ని చూసినవాళ్లకి, దాన్నే సగానికి కుదించినట్టుంటుంది. దగ్గర్లో రెండూ ఉంటే, ముందు శాండ్‌పైపర్‌ని ఒకసారి చూసి తర్వాత ఈ బుడ్డదాన్ని చూడండి. పోలిక ఎంత ఉందో అంత టెమ్మింక్స్.

మా లెక్కన చలికాలంలో అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు ఈ రొమ్మే. గొంతు నుంచి పొట్ట దాకా నడుమ తెల్ల దారి ఉందా, లేక అడ్డంగా పూర్తి బూడిద పట్టీ ఉందా? నడి ఎండలో మాత్రం ఈ ప్రశ్న వేయకండి. తొమ్మిది దాటాక ఉప్పు మడుల మీద గాలి ఆవిరిలా ఊగుతుంది. పైనుంచి పడే వెలుతురులో టెమ్మింక్స్ రొమ్ము వెలిసి తెల్లగా, లిటిల్ రొమ్ము నీడపడి బూడిదగా కనిపించి రెండూ తారుమారవుతాయి.

పక్కనుంచి మంచి ఫోటో దొరికితే ఇంకొకటి చూడొచ్చు. మూసిన రెక్క కొస, తోక కొస, రెండింట్లో ఏది బయటికి పొడుచుకొచ్చింది? లిటిల్‌లో రెక్క కొస తోకని అందుకుంటుంది, ఒక్కోసారి దాటుతుంది. టెమ్మింక్స్‌లో తోక రెక్కల్ని దాటి వెనక్కి సాగుతుంది. దాని ఒళ్లు పొడుగ్గా, కాళ్లు పొట్టిగా అనిపించడానికి అదొక కారణం. ముక్కు తేడా చాలా తక్కువ: లిటిల్‌ది నల్లగా, దాదాపు తిన్నగా, టెమ్మింక్స్‌ది కొసలో కొద్దిగా వంగి, మొదట్లో కాస్త లేత రంగుతో. వంద అడుగుల దూరంలో ఇది చూశామని చెప్పేవాళ్ల మాట నమ్మక్కర్లేదు.

లేచినప్పుడు

ఎగిరితే అయిదు సెకన్లలో విషయం తేలిపోతుంది. అన్ని స్టింట్లలోనూ తోక అంచు ఈకలు స్వచ్ఛమైన తెలుపుగా ఉండేది టెమ్మింక్స్‌కి ఒక్కదానికే. లిటిల్ తోక అంచులు బూడిద. దిగేటప్పుడు రెక్కలు ఆపి తోక విప్పే ఒక్క క్షణంలో ఆ తెలుపు బాగా మెరుస్తుంది. లేచేటప్పటికన్నా దిగేటప్పుడే కన్ను సిద్ధంగా ఉంచుకోండి.

లేచే తీరు కూడా వేరు. లిటిల్ గుంపుతో పాటు నీటి మీద కిందుగా దూసుకెళ్లి, ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడక్కడే వాలుతుంది. టెమ్మింక్స్ కాళ్ల దగ్గరనుంచి నిలువుగా పైకి లేచి, మెలికలు తిరుగుతూ ఎత్తుకి పోయి, దూరంగా ఎక్కడో దిగుతుంది. లేస్తూనే ‘తిర్ర్ర్ర్’ అని కీచురాయి లాంటి పొడి కూత. లిటిల్ కూత పొట్టిది, ‘టిట్, టిట్’ అని విడివిడిగా. కూత విన్నాక ఇక అనుమానం పెట్టుకోనక్కర్లేదు. చూపు కన్నా చెవి నమ్మకమైన సందర్భాలు పిట్టల్లో బోలెడు, ఇదొకటి.

అలాగని లేపడానికి గుంపు మీదికి నడవకండి. వేల మైళ్లు ఎగిరొచ్చి, తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే పిట్టకి ప్రతి అనవసరపు ఎగురూ నష్టమే. ఊర కుక్కో, పడవో, డేగో ఎలాగూ గంటలో ఒకసారి లేపుతుంది. ఆ పని దానికి వదిలేసి బైనాక్యులర్ పట్టుకుని కూర్చోండి.

ఒక్క ఉదయమే చేతిలో ఉంటే ఎటు?

లిటిల్ కోసమైతే ఋషికుల్య మొగ, గోపాల్‌పూర్ దగ్గరి ఉప్పుటేరు, సోనాపురం వైపు బాహుదా మొగ, హుమ్మ, సుర్లా ఉప్పు మడులు. టెమ్మింక్స్ కోసమైతే సముద్రానికి వీపు తిప్పండి: ఛత్రపురం దగ్గరి తంపరా లాంటి మంచినీటి చెరువుల గడ్డి అంచులు, వరి కోశాక తడి ఆరని పల్లపు చేలు, మదుముల కింద కారే కాలవలు. చిలికాలో రెండూ ఉంటాయి. రంభ వైపు బురద మేటల మీద లిటిల్, అంచుల్లోని తుంగ, గడ్డి మధ్య టెమ్మింక్స్. గంజాం దాటి వెళ్లే ఓపిక ఉంటే ఖుర్దా జిల్లా మంగలాజోడిలో నాటు పడవ మీద రెండోదాన్ని బాగా దగ్గరగా చూడొచ్చు.

రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే, కొత్తవాళ్లకి మా సలహా మొగ. లిటిల్ ఎక్కువ, సులువుగా దొరుకుతుంది. దాన్ని రెండొందల సార్లు చూసి కంటికి అలవాటు చేసుకుంటే, మొదటి టెమ్మింక్స్ కనిపించిన రోజున ‘ఇది అది కాదు’ అని దానంతటదే తోస్తుంది. తెలియని రెంటిని పక్కపక్కన పెట్టి పోల్చడం కన్నా, బాగా తెలిసినదానితో తెలియనిదాన్ని పోల్చడం తేలిక.

మొగకి వెళ్లేవాళ్లు పోటు పాటు (సముద్రపు నీరు ఎక్కే, తీసే వేళలు) చూసుకోకుండా బయల్దేరితే పొద్దంతా వృథా. పూర్తి పాటు మీద బురద అర కిలోమీటరు బయటపడి పిట్టలు చుక్కల్లా చెదిరిపోతాయి. నిండు పోటు మీద బురద మునిగి, అవి ఎక్కడో ఇసుక దిబ్బ మీద ముక్కు వీపులో దూర్చి నిద్రపోతాయి. పోటు నిండడానికి రెండు గంటల ముందు చేరండి. నీళ్లు ఎక్కుతున్నకొద్దీ మేత జాగా కుంచించుకుని గుంపు దానంతటదే మీ వైపు జరుగుతుంది, మీరు కదలక్కర్లేదు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఆరింటికి కుదిరింది, వచ్చే ఆదివారం కూడా ఆరింటికే అనుకుంటే దెబ్బతింటారు. అమావాస్య, పున్నమి రోజుల్లో నీటి ఎక్కుడు తగ్గుడు ఎక్కువ, పిట్టలు కూడా ఎక్కువ జరుగుతాయి. ఈ వేళల గురించి గోపాల్‌పూర్‌లో తెలుగు మాట్లాడే వేట పడవల వాళ్లని అడిగితే చాలు, ఫోన్ తీయాల్సిన పనిలేదు. ఉప్పు మడులకీ చెరువులకీ ఈ లెక్క అక్కర్లేదు, తెల్లవారుజామున వెళ్తే సరి. పోటు వేళ ఉప్పు మడుల్లో ఇంకా మేలు. మొగలో జాగా లేని పిట్టలు అక్కడికి వచ్చి వాలుతాయి.

మడుల గట్ల మీద నడిచేముందు పనివాళ్లని ఒక మాట అడగండి. మట్టితో చేతులతో కట్టిన గట్లవి, అంచు మీద కాలేస్తే జారిపోతాయి. ఋషికుల్య మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో, అటవీ శాఖ వాళ్లు ఒడ్డుని కాపలా కాస్తారు. ఆ వారాల్లో చెరువుల వైపు పోవడమే మంచిది.

నెల మారితే రంగు మారుతుంది

పైన చెప్పిన వీపు, రొమ్ము లెక్క నవంబరు నుంచి మార్చి దాకా సరిపోతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో దిగే పిల్ల పిట్టలకి వేరే వేషం. పిల్ల లిటిల్ వీపు తుప్పు రంగు అంచులతో మెరుస్తుంది, వెనకనుంచి చూస్తే భుజాల నుంచి తోక మొదలు వైపు కలిసే రెండు తెల్ల గీతలు పట్టు చీర మీద జరీ పోగుల్లా తెలుస్తాయి. పిల్ల టెమ్మింక్స్‌కి ఆ గీతలుండవు; ప్రతి ఈకకీ లేత అంచు, దాని లోపల సన్నని ముదురు గీత ఉండి వీపంతా చేప పొలుసులా ఉంటుంది. ఈ రెండు నెలల్లో రెంటినీ విడదీయడం నిజానికి చలికాలం కన్నా సులువు.

ఏప్రిల్, మేలో వెళ్లిపోయే ముందు లిటిల్ తలకీ రొమ్ము పక్కలకీ ఇటుక రంగు ఎక్కుతుంది, గొంతు మాత్రం తెల్లగానే ఉంటుంది. టెమ్మింక్స్‌కి వీపు మీద నల్ల నడుమ, తుప్పు అంచు ఉన్న ఈకలు కొన్ని అక్కడొకటి ఇక్కడొకటి మొలుస్తాయి, మిగతా వీపు పాత మట్టి రంగే. ఎవరో అతుకులేసినట్టుంటుంది.

రెండూ కాకపోతే

ఎప్పుడో ఒకసారి లెక్క కుదరదు. కాళ్లు నిజంగా పసుపే, కానీ వీపు మీద బలమైన నల్ల గీతలు, రొమ్ము మీద సన్నని చారలు, మెడ పొడుగు, కాలి వేళ్లు మరీ పొడుగు. అది లాంగ్-టోడ్ స్టింట్ కావచ్చు. కాళ్ల రంగుతో మొదలుపెట్టినవాళ్లు దీన్ని కళ్లు మూసుకుని టెమ్మింక్స్‌లో కలిపేస్తారు. వీపుతో మొదలుపెట్టినవాళ్లు ఆగుతారు. అలాగే లిటిల్ గుంపులో కాళ్లు కాస్త పొట్టి, ఒళ్లు కాస్త సాగినట్టున్న పిట్ట రెడ్-నెక్డ్ స్టింట్ కావచ్చు. చలికాలపు రంగులో ఆ రెంటినీ విడదీయడం ఆరితేరినవాళ్లకే కష్టం. ఏప్రిల్‌లో మాత్రం గొంతు చూడండి: లిటిల్ గొంతు తెలుపు, దానిది ఇటుక రంగు. సముద్రపు అలల వెంట పరుగులు తీసే తెల్లటి శాండర్లింగ్ వీటికన్నా పెద్దది, దానికి వెనక వేలు ఉండదు. దూరాన ఒంటరిగా ఉన్నప్పుడు తప్ప దాంతో పొరపాటు పడక్కర్లేదు.

చేతిలో 8×42 బైనాక్యులర్ ఉంటే చెరువు గట్టు మీద పని జరిగిపోతుంది. మొగలో మాత్రం స్పాటింగ్ స్కోప్ (ముక్కాలి మీద పెట్టి చూసే దుర్భిణి) లేకపోతే సగం గుంపు వదులుకోవాల్సిందే. 20 నుంచి 30 రెట్ల దగ్గర వాడండి, 60కి తిప్పితే పిట్ట కన్నా ఊగే గాలే పెద్దదిగా కనిపిస్తుంది. ఫోటో తీసేవాళ్లు నిలబడి పైనుంచి తీయకుండా నేలకి దగ్గరగా కూర్చుని తీస్తే రొమ్ము పట్టీ, రెక్క కొస రెండూ దక్కుతాయి. తోక తెలుపు కోసం షట్టర్ 1/2000 సెకను కన్నా నెమ్మదిగా పెట్టొద్దు, వరసగా పది ఫ్రేములు తీసుకోండి, అందులో తోక విప్పింది ఒకటి దొరికితే చాలు. తెల్ల పొట్ట మీద వెలుగు మితిమీరితే రొమ్ము అంచు చెరిగిపోతుంది, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి.

పద్దు రాసేటప్పుడు ‘నల్ల కాళ్లు, లిటిల్’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. చూసినవి చూసినట్టు రాయండి: ఎన్ని, నీటి అంచునా గడ్డిలోనా, వీపు గీతలా సాదానా, రొమ్ము మధ్య తెలుపు ఉందా లేదా, తోక చూశారా, కూత విన్నారా. ఈ ఆరింట్లో మూడు ఒకవైపు మొగ్గితే పేరు రాయొచ్చు. కూతో తోకో దొరికితే అదొక్కటే చాలు. ఏదీ కుదరకపోతే ‘స్టింట్, 1’ అని వదిలేయండి. పిట్టల్ని చూసినవాళ్లు పద్దులు ఎక్కించే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో జాతి తేల్చని ఇలాంటి పద్దుకి చోటుంది. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఆసియా నీటి పక్షుల గణనలో కూడా దూరాన ఎగిరిపోయిన మూడొందల పిట్టల గుంపుని మొత్తం లిటిల్ కింద రాసేయడం కన్నా, తేల్చి చూసిన నలభైని ఒకచోట, మిగతావాటిని ‘స్టింట్లు’ అని ఇంకోచోట రాయడం సరైన లెక్క.